అద్దకం నీటిలో జలచరం బతుకుతుందా: ఒక పరీక్షా సేవపై సమీక్ష

పొందూరు పరిసరాల్లో నూలు అద్దకం చేసే మా చిన్న యూనిట్ నుంచి బయటికి వెళ్లే నీరు జలచరాలకు ఎంత హాని చేస్తుందో తెలుసుకోవడానికి విజయనగరంలోని ఒక ప్రైవేటు ప్రయోగశాల సేవను వినియోగించుకున్నాము. మా కాలువ నీరు చివరికి చేరేది చేపలు పెంచే చెరువులోకి గనుక, ఈ పరీక్ష మాకు లాంఛనం కాదు.

వస్త్ర పరిశ్రమల వ్యర్థజలానికి కేంద్రం 2016లో ప్రకటించిన ప్రమాణాల్లో బీఓడీ (మలినాలను సూక్ష్మజీవులు కుళ్లబెట్టడానికి పట్టే ఆక్సిజన్) లీటరుకు 30 మిల్లీగ్రాములు, సీఓడీ (మలినాలను రసాయనంతో ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్) 250 మిల్లీగ్రాములు, రంగు 150 ప్లాటినం కోబాల్ట్ యూనిట్లు (నీటి రంగు గాఢతకు కొలమానం) దాటకూడదని ఉంది. ఈ అంకెలన్నీ అవసరమైనవే. అయితే రంగు, ఉప్పు, సబ్బు, బ్లీచింగ్ మందు ఒకే నీటిలో కలిసినప్పుడు ప్రాణి మీద ఏం జరుగుతుందో వాటిలో ఏ అంకే చెప్పదు. పర్యావరణ పరిరక్షణ నియమాల సాధారణ ప్రమాణాల్లో చేపల పరీక్షను చేర్చడానికి కారణం అదే: ఏమీ కలపని వ్యర్థజలంలో 96 గంటల తర్వాత నూటికి తొంభై చేపలు బతికి ఉండాలి. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని ఏకి సన్ననూలు వడికే పొందూరు ప్రాంతంలో, నూలుకు రంగు వేసేవారు చేప క్షేమం పట్టించుకోవడం కనీస ధర్మమని నా అభిప్రాయం.

ఈ ప్రయోగశాలలో నాకు బాగా నచ్చింది నమూనా తీసిన పద్ధతి. వచ్చిన సాంకేతిక నిపుణుడు ముందుగా బ్లీచింగ్ ఎప్పుడు, అద్దకం ఎప్పుడు, సబ్బు ఉడుకు ఎప్పుడు అని అడిగి, ఆయా వేళల్లో కొంత కొంత నీటిని సేకరించి కలిపారు. ఏ ఒక్క గంటలో తీసిన నీరూ రోజంతటి నీటికి ప్రతినిధి కాజాలదు. క్లోరిన్ త్వరగా గాలిలో కలిసిపోతుంది కాబట్టి బ్లీచింగ్ తొట్టి నీటిని విడిగా సీసా అంచు దాకా నింపి, క్లోరిన్‌ను అక్కడికక్కడే కొలిచారు. నమూనాలన్నిటినీ ఐసు పెట్టెలో అదే రోజు ప్రయోగశాలకు చేర్చారు.

అక్కడ వ్యర్థజలాన్ని 100, 50, 25, 12.5, 6.25 శాతం మోతాదుల్లో శుభ్రమైన నీటితో పలుచన చేసి, జీబ్రా చేపలను 96 గంటలు, డాఫ్నియా అనే చిన్న జలచరాన్ని 48 గంటలు వాటిలో ఉంచారు. పక్కనే పోలిక కోసం వ్యర్థజలం కలపని తొట్టి ఒకటి పెట్టారు. నీటిలోని ఆక్సిజన్‌ను రోజూ కొలవడం మెచ్చదగిన జాగ్రత్త. సీఓడీ ఎక్కువగా ఉన్న నీటిలో చేప విషం వల్ల చనిపోయిందా, ఊపిరాడక చనిపోయిందా అనేది ఆ కొలత లేకుండా తేల్చలేము.

కలిపిన నమూనాలో చేపలు చాలా వరకు తట్టుకున్నాయి, డాఫ్నియా తట్టుకోలేదు. బ్లీచింగ్ నీటిలో రెండూ నిలవలేదు. ఆ నీటిలో కొంత భాగానికి క్లోరిన్‌ను నిర్వీర్యం చేసే సోడియం థయోసల్ఫేట్ కలిపి మళ్లీ పరీక్షించగా ప్రాణనష్టం బాగా తగ్గింది; అంటే అక్కడ ప్రధాన దోషి మిగిలిపోయిన క్లోరిన్. కలిపిన నమూనాలో డాఫ్నియా కదలిక ఆగిపోవడానికి రియాక్టివ్ రంగులు (నూలుతో రసాయనికంగా కలిసిపోయే రంగులు) నూలుకు పట్టేందుకు వేసే ఉప్పు కారణం కావచ్చని, ఉప్పు పెరిగిన కొద్దీ పెరిగే నీటి విద్యుత్ వాహకతను చూపి వివరించారు. ఈ వివరణ నివేదికలో ఉండవలసింది, మేము అడిగితే గాని రాలేదు.

లోపాలు ఇంకా ఉన్నాయి. సగం ప్రాణులు చనిపోయే మోతాదును, అంటే ఎల్‌సీ 50ని ఇచ్చారు గాని దాని విశ్వసనీయతా అవధులు, అంటే అసలు విలువ ఏ రెండు అంకెల మధ్య ఉండవచ్చో, ఇవ్వలేదు. పోలిక తొట్టిలో ఎన్ని చేపలు చనిపోయాయో కూడా మొదటి నివేదికలో లేదు. ఆ మరణాలు పది శాతం దాటితే మొత్తం పరీక్షే చెల్లదు కనుక ఇది చిన్న విషయం కాదు. థయోసల్ఫేట్ పరీక్షకు విడిగా రుసుము ఉంటుందని ముందే చెప్పి ఉండవలసింది. నివేదిక పూర్తిగా ఆంగ్లంలో ఉండడం వల్ల తొట్టి దగ్గర పనిచేసేవారికి మేమే చదివి చెప్పవలసి వచ్చింది.

ఈ సేవ పరిధిని కూడా గుర్తుంచుకోవాలి. నాలుగు రోజుల పరీక్ష నెలల తరబడి జరిగే హానిని చూపదు. ఆక్సిజన్ అందని చెరువు అడుగు బురదలో ఎజో రంగులు (అద్దకంలో విరివిగా వాడే ఒక రకం కృత్రిమ రంగులు) విరిగి ఏర్పడే ఆరోమాటిక్ ఎమీన్లనే, కొన్ని విషపూరితమైన రసాయనాల సంగతి ఇందులో తేలదు; నీటి రంగు పోయినంత మాత్రాన విషం పోయినట్టు కాదు. రంగు నీరు వెలుతురును అడ్డగిస్తే నాచుకు ఏమవుతుందో తెలిపే 72 గంటల పరీక్ష ఇక్కడ లేదు.

ఇన్ని కొరతలున్నా, బ్లీచింగ్ చేసే అద్దకం యూనిట్లకు ఈ ప్రయోగశాలను సిఫారసు చేస్తాను. పోలిక తొట్టి ఫలితాలు, అన్ని మోతాదుల ఫలితాల పూర్తి పట్టిక, అదనపు రుసుములు ఒప్పందంలోనే రాయించుకోండి. మేము ఇప్పుడు బ్లీచింగ్ నీటిని థయోసల్ఫేట్‌తో సరిచేశాకే ప్రధాన తొట్టిలోకి వదులుతున్నాము. ఉప్పు సమస్యకు ఇంకా పరిష్కారం వెతుకుతున్నాము.