మైక్రోకెర్నల్ సొంతంగా రాయాలా, ఉన్నది వాడాలా: ఏది మేలు?

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా ఒక మైక్రోకెర్నల్ ఆపరేటింగ్ సిస్టమ్ చేద్దామని నలుగురు కూర్చుంటే మొదటి పోట్లాట దీని మీదే. కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ; అందులో తప్పనిసరి పనులు మాత్రమే ఉంచితే అది మైక్రోకెర్నల్.

సొంతంగా రాయడంలో మజా ఉంది, కాదనను. మెమరీ, థ్రెడ్లు, ప్రాసెస్‌ల మధ్య మెసేజ్‌లు చూసుకుంటే కెర్నల్ పని దాదాపు అయిపోయినట్టే. ఫైల్ సిస్టమ్, హార్డ్‌వేర్‌ని నడిపే డ్రైవర్లు అన్నీ బయట సర్వర్లుగా, అంటే విడి ప్రోగ్రామ్‌లుగా ఉంటాయి. 2015లో మొదలైన రెడాక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఇలాగే రస్ట్ భాషలో సొంత కెర్నల్ రాసుకుంది.

కానీ చిన్న కోడ్ అంటే చిన్న పని కాదు. ఎస్‌ఈఎల్4 అనే మైక్రోకెర్నల్ సుమారు 8,700 లైన్ల సీ కోడ్. ఆ కోడ్ తన స్పెసిఫికేషన్ ప్రకారమే పనిచేస్తుందని 2009లో నిరూపించడానికి దాదాపు 2 లక్షల లైన్ల గణిత ప్రూఫ్ పట్టింది. 2014 నుంచి ఆ కెర్నల్ జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్స్ కింద దొరుకుతోంది. ఇంత పని తేరగా చేతికొస్తుంటే వద్దనడం నాకైతే వట్టి పంతంలా కనిపిస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోవాలి: ఆ కెర్నల్‌లో మీరు ఒక్క లైను మార్చినా, ఆ ప్రూఫ్ మీ కాపీకి వర్తించదు.

తెచ్చుకున్నంత మాత్రాన పండగేమీ కాదు. ఎస్‌ఈఎల్4 బూటయ్యాక ఖాళీ మెమరీనంతా మొదటి ప్రాసెస్ చేతిలో పెట్టి ఊరుకుంటుంది. కొత్త ప్రాసెస్‌కి పేజీ టేబుల్ (దాని మెమరీ ఎక్కడుందో చెప్పే పట్టిక) కావాలన్నా అందులోంచే తీసి ఇవ్వాలి. ఆ మెమరీ మేనేజర్ రాసుకోవాల్సింది మీరే.

ఉన్నవాటిలో ఏది ఎంచుకున్నా మధ్యలో మార్చొద్దు. గ్నూ ప్రాజెక్టు సొంత సిస్టమ్ గ్నూ హర్డ్ 1990లో మాక్ అనే మైక్రోకెర్నల్ మీద మొదలైంది. మాక్ మెసేజ్‌లు నిదానం. 1993లో యోఖెన్ లీట్కే అనే పరిశోధకుడు తన కెర్నల్‌తో చిన్న మెసేజ్‌లను 486 ప్రాసెసర్ మీద మాక్ కంటే దాదాపు 20 రెట్లు వేగంగా పంపి చూపించాడు. హర్డ్ వాళ్లు ఆయన తర్వాత చేసిన ఎల్4 కెర్నల్‌కి మారాలని చూశారు, ఆపై కోయోటోస్ అనే ఇంకో కెర్నల్ వైపు చూశారు. ఏళ్లు గడిచాయి గానీ ఇప్పటికీ మాక్ మీదే ఉన్నారు.

అసలు టెన్షన్ డ్రైవర్లతో. సొంత కెర్నల్ అయినా, తెచ్చుకున్నదైనా, మీ నెట్‌వర్క్ కార్డుకి కావాల్సిన కోడ్ మాత్రం తగ్గదు. హర్డ్ నెట్‌వర్క్ డ్రైవర్లకు పాత లైనక్స్ కోడ్‌ని, డిస్క్‌కి రంప్‌ని (నెట్‌బీఎస్‌డీ అనే సిస్టమ్ డ్రైవర్లను వేరే చోట నడిపే పద్ధతి) వాడుకుంది. రెండూ కెర్నల్ బయట నడుస్తాయి. మినిక్స్ 3 అనే మరో మైక్రోకెర్నల్ సిస్టమ్‌లో అయితే డ్రైవర్ చచ్చిపోతే రీఇన్‌కార్నేషన్ సర్వర్ అనే ప్రోగ్రామ్ గమనించి మళ్లీ లేపుతుంది, మెషీన్ ఆగదు.

నలుగురి టీమ్ అయితే నా ఓటు ఎస్‌ఈఎల్4కే. ఒకే ఒక్క బోర్డు ఎంచుకుని, డ్రైవర్లు అరువు తెచ్చుకుని, మొదటి ఏడాది మెమరీ మేనేజర్, ఫైల్ సర్వర్, షెల్‌తో ఆపేస్తాను. నేర్చుకోవడమే లక్ష్యమైతే మాత్రం సొంతంగానే రాయండి.