కొండాపూర్ బిల్లులో నూటయాభై రూపాయల పద్దు

హైదరాబాద్ కొండాపూర్‌లో మేం దిగిన సర్వీస్ అపార్ట్‌మెంట్ బిల్లులో గది అద్దె రోజుకి 2,400. దాని కింద విడిగా, అదీ రోజుకే, ఇంకో పద్దు: ‘సెక్యూర్ గెస్ట్ వైఫై - 150’. వాళ్ల పేరు రాయను గానీ, ఆ 150 మాత్రం ఇప్పటికీ మండుతోంది. రాజమండ్రిలో ఇళ్లకి ఇంటర్నెట్ బిగించడమే నా పని కాబట్టి మంట ఇంకాస్త ఎక్కువ.

తిరగడాలు బాగానే జరిగాయి. పెళ్లి బట్టలు, గోల్కొండ, చార్మినార్ అన్నీ అయ్యాయి. సాలార్‌జంగ్ మ్యూజియంకి శుక్రవారం సెలవు. చెప్పినా వినకుండా మా బావమరిది అదే రోజు అందర్నీ తీసుకెళ్లి మూసిన గేటు చూపించాడు. మా ఆవిడ ఆ పూటంతా తమ్ముడితో మాట్లాడలేదు.

అసలు గొడవంతా సాయంత్రాలే. మా అమ్మాయి సెలవు దొరక్క లాప్‌టాప్ వెంట తెచ్చుకుంది, ఏడింటికి ఆఫీసు మీటింగులు. సరిగ్గా మూడు గదుల వాళ్లూ తిరిగొచ్చే వేళకి నెట్ పోయేది. హాల్లో టీవీ వెనక ఉన్న రౌటర్ చూస్తే లైట్లన్నీ ఒక్కసారే ఆరిపోయి, మళ్లీ ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. లైన్ పోతే అన్నీ ఆరవు. డబ్బా దానంతటదే రీస్టార్ట్ అవుతోందన్నమాట. ప్లగ్గు దగ్గర వంగి చూస్తే గీజర్లకి పెట్టే టైమర్ ఒకటి తగిలించి ఉంది. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి కరెంటు ఆపి, మళ్లీ ఇస్తుందట.

“రోజుకొక్కసారి బంద్ చేస్తే మంచిగ నడుస్తది సార్” అన్నాడు మేనేజర్.

“ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చెయ్యొచ్చు కదా?” అన్నాను. ఫర్మ్‌వేర్ అంటే డబ్బాని లోపలి నుంచి నడిపే సాఫ్ట్‌వేర్.

“పోయినసారి చేస్తుంటే మధ్యల కరెంట్ పోయింది సార్, డబ్బా ఖరాబైంది. అప్పటిసంది ముట్టలే.”

అతని భయాన్ని కొట్టిపారెయ్యలేను. ఫర్మ్‌వేర్ ఎక్కుతుండగా కరెంటు పోతే రౌటర్ చచ్చే మాట నిజమే. అలాగే మోడల్ ఒకటే అయినా వెర్షన్ వేరైతే ఫైలు పనికిరాదు, అడుగున స్టిక్కర్ చూసుకోవాలి. కానీ చిన్న యూపీఎస్ మీద పెట్టి చేసుకుంటే సరిపోయేదానికి టైమర్ వైద్యం ఏమిటి? అతనే లాగిన్ అయి చూపించాడు: ఫర్మ్‌వేర్ తేదీ 2017. ఆ మరుసటి ఏడే వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్వేర్ 54 దేశాల్లో కనీసం 5 లక్షల రౌటర్లు, స్టోరేజీ పరికరాల్లో దూరింది. రౌటర్లు ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చెయ్యమని ఎఫ్‌బీఐ చెప్పింది. అలా చేస్తే మాల్వేర్‌లో తర్వాత వచ్చి చేరిన భాగాలు పోయేవి గానీ మొదట దిగిన భాగం లోపలే ఉండి, మిగతావాటిని మళ్లీ తెచ్చుకోగలిగేది. అందుకే ఆపి ఆన్ చెయ్యడంతో పాటు అప్‌డేట్ కూడా చేసుకోమన్నారు.

ఇక ‘సెక్యూర్’ సంగతి. అమ్మాయి ఫోన్‌లో ఏదో వీడియో టీవీలో పెట్టబోతే మూడు టీవీల పేర్లు వచ్చాయి. రెండు పక్క గదులవి. వేలు జారితే వాళ్ల టీవీ మోగేది. ఆ జాబితా కింద మేనేజర్ ప్రింటర్ కూడా ఉంది, దిగిన ప్రతివాళ్ల ఆధార్ కాపీ తీసే ప్రింటర్. కారణం వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన డబ్బాయే అసలు రౌటర్. దాని వెనక ఈ రెండోదాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే అసలు రౌటర్ నెట్‌వర్క్‌నే వైఫైగా పంచే పద్ధతిలో పెట్టి గెస్ట్ పేరు సృష్టించారు. ఆ మోడ్‌లో చాలా చవక రౌటర్లు గెస్టుల్ని విడదియ్యవు, అందర్నీ ఒకే నెట్‌వర్క్‌లోకి వదిలేస్తాయి. వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ ఉంటాయి, మధ్యలో గోడ ఉండదు. ఇది చెబితే మేనేజర్ “పాస్‌వర్డ్ ఉంది కద సార్” అన్నాడు. బావమరిది నా చెయ్యి పట్టుకుని ఇవతలికి లాక్కొచ్చాడు.

మర్నాడు అమ్మాయీ నేనూ రాయదుర్గంలో మెట్రో ఎక్కి, ఎక్కడా మారకుండా ప్యారడైజ్‌లో దిగి, పార్క్‌లేన్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీకి నడిచాం. ఈ యాత్రలో నాకు నచ్చిన చోటు అదే. ఇరుకు మెట్లు, వరండా నిండా అట్టపెట్టెలు, టంకం వాసన. ట్రావెల్ రౌటర్, అంటే వెంట తీసుకెళ్లే చిన్న రౌటర్ అడిగితే కుర్రాడు డబ్బాలు తీశాడు గానీ వెంటనే అమ్మలేదు. స్టిక్కర్ మీద వెర్షన్ చదివి, తన ఫోన్‌లో కంపెనీ సైటు తెరిచి, ఆఖరి ఫర్మ్‌వేర్ ఎప్పుడొచ్చిందో చూపించాడు. “ఇది పాత స్టాక్ సార్, అప్‌డేట్లు ఆపేసిండ్రు, వద్దు” అని ఒకదాన్ని తనే పక్కన పెట్టాడు. ఇంకోటి 1,950కి తీసుకున్నాం. కింద చాయ్ తాగాక మా అమ్మాయి మొహంలో కొన్ని రోజుల తర్వాత నవ్వు కనిపించింది.

గదిలో దాన్ని తగిలించాక మా ఫోన్లూ లాప్‌టాపూ దాని వెనక్కి చేరాయి, బయటి నుంచి ఎవరికీ కనబడవు. సాయంత్రం ఏడింటికి మాత్రం హాల్లో డబ్బా మామూలుగానే పడిపోయింది. దానికి నా దగ్గర మందు లేదు, మొబైల్ హాట్‌స్పాటే గతి.

ఆఖరి రెండు రాత్రులకి లక్డీకాపూల్‌లో పాత లాడ్జికి మారాం, 1,700. లిఫ్ట్ నత్తనడక, దిండ్లు రాళ్లు. కానీ రెండు ఫోన్లు పెట్టి పరీక్షిస్తే ఒకదాని నుంచి ఇంకోదానికి పింగ్, అంటే ‘ఉన్నావా’ అని అడిగే పలకరింపు, పోలేదు, పక్క గదుల టీవీలూ కనబడలేదు. దీనికి విడిగా పైసా వెయ్యలేదు. గదిలోంచి ఆఫీసు పని చేసుకునేవాళ్లకి కొండాపూర్ అద్దాల మేడల కంటే ఇదే చెబుతాను. దిగగానే ఫోన్‌లో వీడియోని టీవీకి పంపే కాస్ట్ బొమ్మ నొక్కి చూడండి. పరాయి గది టీవీ పేరొస్తే సామాను విప్పకముందే మాట్లాడుకోండి.

కొండాపూర్ వాళ్లు వైఫై పద్దు కింద 750 వేశారు. గంట వాదించాక 450 తీసేశారు. మిగతా 300 ‘వాడారు కద సార్’ అని వసూలు చేశారు.