స్విఫ్ట్‌కి 16 అంగుళాల అలాయ్‌లు ఉంటే 195/55 టైర్లే: చాలాకాలం వాడాక నా మాట

ఉండేది బరంపురంలో, ఉద్యోగం సోంపేటలో. రోజూ గిరిసోల దాటి, ఇచ్ఛాపురం, కంచిలి మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి మీదే రాకపోకలు. కారు సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్. దానికి కంపెనీ ఇచ్చిన సైజు 185/65 ఆర్15, అంటే టైరు వెడల్పు 185 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు. పాత ఓనరు 16 అంగుళాల అలాయ్‌లు పెట్టించి వాటికి 205/45 టైర్లు వేయించారు. చూపుకి బాగుండేది. మా రోడ్లకి మాత్రం ఆగలేదు.

అక్టోబరు వానలు వెలిశాక సర్వీసు రోడ్డు గుంతలో ముందు టైరు పడి సైడ్‌వాల్ ఉబ్బింది. గుంత అంచుకీ రిమ్ము అంచుకీ మధ్య రబ్బరు నలిగి లోపలి దారాలు తెగితే, గాలి ఆ చోటే పైకి తోస్తుంది. అది ప్యాచీలతో బాగయ్యేది కాదు. అలా ఉబ్బిన టైరుతో హైవే ఎక్కకండి.

నాలుగూ మార్చేటప్పుడు నేను చూసింది రెండే: సైడ్‌వాల్ ఎత్తు, మోసే బరువు. 185/65 ఆర్15కి సైడ్‌వాల్ 120 మిల్లీమీటర్లు. పాత 205/45 ఆర్16కి 92. 195/55 ఆర్16కి 107. రిమ్ముకీ గుంతకీ మధ్య ఆ 15 మిల్లీమీటర్ల రబ్బరు అదనంగా ఉండటమే నా అలాయ్‌లను ఇన్నాళ్లూ వంగకుండా కాపాడిందని గట్టిగా నమ్ముతున్నాను. షాపులో "205/55 వేసుకోండి భాయ్, ఇంకా నిండుగా ఉంటుంది" అన్నారు. దాని మొత్తం వ్యాసం అసలు సైజు కన్నా 10 మిల్లీమీటర్లు ఎక్కువ. ఇంటిల్లిపాదీ ఎక్కి స్టీరింగ్ పూర్తిగా తిప్పితే లోపల రాసుకుంటుందేమోనని వద్దన్నాను.

బరువు సంగతి చాలామంది అడగనే అడగరు. నా పాత టైర్ల మీద లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) 83, అంటే ఒక్కోటి 487 కేజీలు. కంపెనీ టైరుది 88, అంటే 560. పండగకి ఐదుగురం, సామాన్లతో తప్తపాణి ఘాట్ ఎక్కే బండికి ఆ తేడా చిన్నది కాదు. 195/55లో మామూలుగా దొరికేది 87, అంటే 545 కేజీలు. నేను పట్టుబట్టి 91 ఎక్స్‌ఎల్ (ఎక్కువ బరువు మోసేలా గట్టిగా చేసిన రకం), 615 కేజీలది, విశాఖ నుంచి తెప్పించుకున్నాను. బలెనో, ఐ20 పై మోడళ్లకి వచ్చే సైజు కూడా ఇదే కాబట్టి చాలా కంపెనీల టైర్లు దొరుకుతాయి. ఎక్స్‌ఎల్ కావాలంటే మాత్రం ముందే చెప్పి ఉంచాలి. టైరు మీద నాలుగంకెల తేదీ కూడా చూడండి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం.

వేసిన మొదటి నెల మైలేజీ పడిపోయినట్టు కనిపించింది. నిజానికి పడిపోలేదు. 205/45 టైరు వ్యాసం 591 మిల్లీమీటర్లే, అసలుది 621. చిన్న చక్రం ఎక్కువసార్లు తిరుగుతుంది, మీటరు కిలోమీటర్లు దాదాపు ఐదు శాతం ఎక్కువ లెక్కపెడుతుంది. పాత మైలేజీ అంతా ఆ ఉబ్బు లెక్కే. 195/55 వ్యాసం మళ్లీ 621కి వచ్చేసింది.

వానలో పట్టు నాకు పూర్తిగా నచ్చింది. నిలిచిన నీళ్లలో పాత వెడల్పు టైర్లతో స్టీరింగ్ తేలిపోయినట్టుండేది, ఇప్పుడు ఆ భయం లేదు. కుదుపు మాత్రం ఉంది. ఎక్స్‌ఎల్ కాబట్టి ఊళ్లో స్పీడ్ బ్రేకర్ల మీద, చిన్న గతుకుల మీద గట్టిగా తెలుస్తుంది. కంపెనీ 15 అంగుళాల చక్రాల మీద నడిచే మా బావగారి స్విఫ్టు ఇప్పటికీ నా బండి కన్నా మెత్తగా పోతుంది. అలాయ్‌లు ఇంకా కొననివాళ్లయితే ఆ 15 అంగుళాలతోనే ఉండండి. 17కి వెళ్లాలన్న ఆలోచనైతే ఈ రోడ్ల మీద అసలే వద్దు.

అరుగుదల బాగానే ఉంది. ముందు టైర్లే త్వరగా అరుగుతాయి కాబట్టి పదివేల కిలోమీటర్లకోసారి ముందూ వెనకా మార్పిస్తున్నాను, అలైన్‌మెంట్ కూడా అప్పుడే. టైరు మార్చాలని చెప్పే 1.6 మిల్లీమీటర్ల వేర్ మార్కు ఇంకా దూరంగానే ఉంది. గాలి పొద్దున్నే, బండి కదలకముందే చూసుకుంటాను.

స్టెప్నీ పాత 185/65 ఆర్15 స్టీలు రిమ్మే. ఇప్పుడు వ్యాసాలు కలిశాయి కాబట్టి పంక్చరైతే దాన్ని వేసుకుని నెమ్మదిగా ఇల్లు చేరొచ్చు. అయితే నా అలాయ్‌ల నట్లు స్టీలు రిమ్ముకి కూర్చోవు. కంపెనీ నట్లు నాలుగు డిక్కీలో వేసి ఉంచాను.