డెలాన్సీ స్ట్రీట్ మూవర్స్: బే ఏరియాలో ఇల్లు మారేవాళ్లకి

ఇక్కడ శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఇల్లు మారుతున్నాం అని వాట్సాప్ గ్రూపులో పెడితే చాలు, ఎవరో ఒకరు తక్కువలో చేసే మూవర్ నంబరు పంపిస్తారు. పోయినసారి అలాగే పిలిస్తే, ఫోన్లో ఒక రేటు చెప్పి, సామానంతా ట్రక్కెక్కించాక ఇంకో రేటు చెప్పారు, అదీ క్యాష్ ఇస్తేనే దించుతామన్నారు. వాళ్ల పేరు ఇప్పుడెందుకులెండి. అందుకే ఈసారి శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి శాన్ మటేయోకి మారేటప్పుడు డెలాన్సీ స్ట్రీట్ వాళ్లని మాట్లాడుకున్నాం.

తెలియనివాళ్లకి చెప్పాలంటే, ఇది జైలు నుంచి వచ్చినవాళ్లు, డ్రగ్స్ నుంచి బయటపడాలనుకునేవాళ్లు కలిసి ఉంటూ నడుపుకునే సంస్థ, ఇళ్ల సామాను మార్చడం వాళ్లు చేసే పనుల్లో ఒకటి. 1971లో జాన్ మాహర్ మొదలుపెట్టాడు, కొద్దికాలానికే మిమీ సిల్బర్ట్ వచ్చి చేరింది, తర్వాత దశాబ్దాల పాటు నడిపించింది ఆవిడే. చేరినవాళ్లు కనీసం రెండేళ్లు ఉండాలి, చాలామంది నాలుగేళ్ల దాకా ఉంటారు. లోపల కాపలావాళ్లు, జీతానికి కౌన్సెలర్లు ఎవరూ ఉండరు, ముందొచ్చినవాడు వెనకొచ్చినవాడికి పని నేర్పాలి, అంతే. మందు, డ్రగ్స్, చెయ్యి చేసుకోవడం, ఆఖరికి కొడతానని బెదిరించడం కూడా నిషేధం.

మా ఆవిడ మాత్రం ట్రక్కు వచ్చేదాకా టెన్షన్ పడుతూనే ఉంది. బంగారం, పాస్‌పోర్టులు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని భుజం మీంచి దించలేదు. (అది ఏ మూవర్ వచ్చినా చేయాల్సిందేలెండి.)

వచ్చినవాళ్లు గుమ్మం దగ్గర మా చెప్పులు చూసి ఆగారు, బూట్లు విప్పాలా సార్ అని అడిగారు. బరువులు మోసేవాళ్లు, కాళ్లకి బూట్లు ఉండాలి కదా, వద్దన్నాం. అయినా లోపలికి నడిచే దారంతా దుప్పట్లు పరిచి గానీ సామాను ముట్టుకోలేదు. అసలు పరీక్ష మా వెట్ గ్రైండర్. పోయిన మూవర్ దాన్ని అలాగే నిలబెట్టి ఎక్కిస్తే డ్రమ్ము సొట్టపోయింది. ఇక్కడ ఒక కుర్రాడు ఇదేంటి అని అడిగి, దోసెల పిండి కథంతా ఓపిగ్గా విని, రాళ్లు బయటికి తీసి విడిగా చుట్టి, డ్రమ్ములో తువ్వాళ్లు కుక్కి, పెట్టె మీద బాణం గుర్తేసి మరీ ఎక్కించాడు. ఆవకాయ జాడీలు మేమే కార్లో తెచ్చుకున్నాం, ఆ విషయంలో మా ఆవిడ ఎవర్నీ నమ్మదు. కొత్తింట్లో మంచం బిగించాక ఒక్క స్క్రూ మిగల్లేదు. బిల్లు ముందు రాసిచ్చిన గరిష్ఠ మొత్తం లోపలే వచ్చింది.

ఈ సంస్థ కథలో నాకు బాగా నచ్చేది ఇళ్ల సంగతి. మొదట్లో పసిఫిక్ హైట్స్‌లో, అంటే ఊళ్లో బాగా డబ్బున్నవాళ్లుండే చోట, పాత రష్యన్ కాన్సులేట్ భవనం కొనుక్కుని చేరితే, చుట్టుపక్కలవాళ్లు గొడవ చేశారు. తర్వాత ఎంబార్కడెరో అనే నీటి ఒడ్డు రోడ్డు మీద, ఇప్పటి జెయింట్స్ బేస్‌బాల్ స్టేడియంకి దగ్గర్లో, సొంతంగా కాంప్లెక్సే కట్టేసుకున్నారు. కింద షాపులు, పైన 177 ఫ్లాట్లు, 1990లో పూర్తయింది. కట్టింది చాలావరకు అందులో ఉండబోయేవాళ్లే, వాళ్లలో ఎక్కువమందికి అంతకుముందు తాపీ పట్టిన అలవాటు లేదు. ఆ పక్కన సింగిల్ బెడ్‌రూం అద్దె ఎంతో చూడండి, అప్పుడర్థమవుతుంది వాళ్లు కట్టుకున్నదేంటో.

ఒక విషయం మాత్రం చెప్పి తీరాలి. మీరిచ్చే డబ్బు ఆ కుర్రాళ్ల చేతికి జీతంగా పోదు, అంతా సంస్థ కిందికే వెళ్తుంది. నడపడానికి సర్కారు డబ్బు తీసుకోరు, కాబట్టి తిండి, బట్ట, చదువు అన్నీ ఇలాంటి పనుల సంపాదన మీదా విరాళాల మీదా నడవాలి. మన చంచల్‌గూడ జైలు దగ్గరి పెట్రోల్ బంకులో విడుదలైనవాళ్లు జీతానికి పనిచేస్తారు, నాకు ఆ పద్ధతే కాస్త న్యాయంగా అనిపిస్తుంది. చేతిలో నాలుగు డాలర్లుంటే మళ్లీ పాత దారి పడతారేమోనన్న వాదన విన్నాను, పూర్తిగా ఒప్పుకోలేను, కొట్టిపారేయలేను కూడా. వెళ్లేటప్పటికి కనీసం మూడు పనులు నేర్చుకుని, హైస్కూల్ సర్టిఫికెట్ తీసుకుని వెళ్తారు, అది తక్కువేం కాదు.

జాలిపడి పిలవక్కర్లేదు, పని కోసమే పిలవొచ్చు, నేనైతే మళ్లీ పిలుస్తాను. నెలాఖరు శనివారాలు త్వరగా నిండిపోతాయి కాబట్టి తేదీ ఖాయం కాగానే ఫోన్ చేసేయండి. ఇంకోటి, కాలిఫోర్నియా లోపలే ఇల్లు మారేటప్పుడు ఏ మూవర్ అయినా సరే, ఇంతకు మించి తీసుకోం అనే మొత్తం ముందే కాగితం మీద రాసివ్వాలి, అది రూల్. ఆ గడి ఖాళీగా ఉంటే సంతకం పెట్టకండి.