మా బాబును ఏడాదిన్నర చూపించిన పిల్లల క్లినిక్ గురించి

ముందే చెప్పేస్తాను, నేను ఐదుకు ఇచ్చేది రెండు. ఆ రెండూ అక్కడ టీకాలు వేసే సిస్టర్‌కే.

మాది హైదరాబాద్‌లో మియాపూర్ వైపు. బాబు 2023 మేలో పుట్టాడు. ఆరు వారాల టీకాల దగ్గర్నుంచి 2025 జనవరి దాకా, ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్న ఒక పిల్లల క్లినిక్‌కే తీసుకెళ్ళాం. జలుబులు, జ్వరాలు, టీకాలు అన్నీ కలిపి ఇరవై సార్లకు తక్కువ వెళ్ళి ఉండం. పేరు రాయడం లేదు. ఇలాంటి క్లినిక్‌లు ప్రతి కాలనీలోనూ ఉన్నాయి, మీరు వెళ్ళేది కూడా ఇలాంటిదే కావచ్చు. అక్కడ ఏం జరిగిందో తెలిస్తే చాలు.

బాగున్నవి ముందు. ఆదివారం కూడా ఒంటిగంట దాకా తెరిచే ఉంటుంది. ఫోన్‌లోనే టోకెన్ తీసుకోవచ్చు. టీకాల గది శుభ్రంగా ఉంటుంది, ఫ్రిజ్ తలుపు మీద టెంపరేచర్ రాసే కాగితం అంటించి ఉంటుంది, రోజూ రాస్తారు. ఆ గదిలో ఉండే సిస్టర్ సూది వేసే ముందు సీసా చేతికిచ్చి పేరు, గడువు తేదీ నా చేతే చదివించేది. వేశాక అరగంట అక్కడే కూర్చోమనేది. రాత్రి జ్వరం వస్తే ఏం చేయాలో చెప్పి, "ఇప్పుడు మీరు నాకు చెప్పండి అమ్మా" అని మళ్ళీ నాతో చెప్పించుకునేది. మొదట్లో నాకు కొంచెం చిరాకేసేది. ఆవిడ విలువ తర్వాత తెలిసింది.

ఇక డాక్టర్ గారి గది. ఫీజు 600. లోపలికెళ్ళి బయటికి రావడానికి మూడు నిమిషాలు పట్టేది కాదు. చదువు విషయంలో వంక పెట్టడానికి లేదు, గోడ నిండా పట్టాలున్నాయి. కానీ నేను మాట్లాడుతుండగానే ఆయన కంప్యూటర్‌లో మందులు కొట్టేస్తూ ఉండేవారు. ఏదైనా అడిగితే తలెత్తకుండా "ఏం కాదమ్మా" అనేవారు. నిజం చెప్పాలంటే ఆ మాట కోసమే అన్నాళ్ళు వెళ్ళాను. మొదటి బిడ్డ, దగ్గర్లో పెద్దవాళ్ళు లేరు, మా ఆయనకు నైట్ షిఫ్టులు. "ఏం కాదమ్మా" అని డాక్టర్ అంటే ఇంటికెళ్ళి నిద్రపోయేదాన్ని.

అనుమానం రావాల్సిన సందర్భాలు రెండు వచ్చాయి. 2024 ఫిబ్రవరిలో, బాబుకు తొమ్మిది నెలలప్పుడు, జలుబు చేస్తే క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన సిరప్ రాశారు. ఆ రెండూ కలిపిన మందును నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడొద్దని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అంతకు రెండు నెలల ముందే, 2023 డిసెంబరులో చెప్పింది. పేపర్లో చదివాను కాబట్టి అడిగాను. "గూగుల్ చూసి వైద్యం చేసుకుంటే ఇక మేమెందుకమ్మా" అన్నారు. నేను నోరు మూసుకున్నాను. సిరప్ కొన్నాను కానీ పట్టలేదు, జలుబు వారంలో దానంతటదే తగ్గింది. 2025 సెప్టెంబరు, అక్టోబరుల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో కల్తీ దగ్గు మందు తాగి చిన్నపిల్లలు చనిపోయినప్పుడు, రెండేళ్ళలోపు వాళ్ళకు దగ్గు, జలుబు సిరప్‌లు రాయొద్దని కేంద్ర ఆరోగ్య శాఖ మళ్ళీ డాక్టర్లకు చెప్పాల్సి వచ్చింది. ఆ వార్త చూసిన రోజు వంటింటి అలమారలో పాత సీసాలన్నీ తీసి పారేశాను.

రెండోది పారాసిటమాల్. ఏడాది వయసులో జ్వరం వస్తే "5 మి.లీ., రోజుకు నాలుగుసార్లు" అని రాశారు. ఎంత బలం ఉన్న సిరప్పో రాయలేదు. కింద మందుల షాపులో ఇచ్చిన సీసా మీద 250 అని ఉంది, అంటే 5 మి.లీ.లో 250 మి.గ్రా. మందు. ఇంట్లో ఉన్న పాత సీసా మీద 120 అని ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసింది మా ఆయన. బాబు బరువు అప్పుడు 9 కిలోలు. కిలోకు 15 మి.గ్రా. చొప్పున వాడికి ఒక మోతాదు 135 మి.గ్రా. దాకా ఉండొచ్చు. 120 సిరప్ అయితే 5 మి.లీ. సరిపోతుంది. 250 అయితే ఇంచుమించు రెట్టింపు. షాపులో అడిగితే "రెండూ ఒకటే మేడమ్, ఇది స్ట్రాంగ్, తొందరగా తగ్గుతుంది" అన్నాడు. పైకెళ్ళి చెబితే రిసెప్షన్ అమ్మాయి పెన్నుతో 120 అని రాసిచ్చింది. అంతే. డాక్టర్ గారికి తెలిసిందో లేదో కూడా తెలియదు.

అప్పుడే మానేయాల్సింది. మానలేదు, మళ్ళీ అక్కడికే వెళ్ళాం.

2025 సంక్రాంతికి నరసరావుపేట దగ్గర మా అత్తయ్య వాళ్ళ ఊరెళ్ళి, వస్తూ అత్తయ్యను కూడా తీసుకొచ్చాం. వచ్చిన మర్నాడు ఆదివారం తెల్లవారుజామున బాబు పాలన్నీ కక్కేశాడు. పది గంటలకల్లా నాలుగు వాంతులు, తర్వాత నీళ్ళలా మోషన్స్ మొదలయ్యాయి. పన్నెండింటికి క్లినిక్‌లో ఉన్నాం. బయట ఇంకో సిస్టర్ "బరువెంత?" అని అడిగింది. బరువు చూసే మిషన్ మూలన ఉంది, దాని మీద శాంపిల్ మందుల అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. "పదకొండు ఉండొచ్చు" అన్నాను. రాసుకుంది.

డాక్టర్ గారు స్వెట్టర్ మీదనుంచే స్టెతస్కోప్ పెట్టారు. ఎన్ని వాంతులు, ఎన్ని మోషన్స్ అని అడిగారు. వాంతుల మందు, ఒక యాంటీబయాటిక్ సిరప్, ప్రోబయాటిక్ ప్యాకెట్లు, కింద "ఓఆర్ఎస్" అని ఒక్క ముక్క. ఎలా పట్టాలి, ఎంత పట్టాలి, ఏం కనిపిస్తే పరుగెత్తుకు రావాలి, ఏమీ లేదు. "వైరల్ అమ్మా, రెండు రోజుల్లో తగ్గుతుంది." షాపులో ఓఆర్ఎస్ అంటే పేరులో ఆ అక్షరాలున్న యాపిల్ జ్యూస్ డబ్బాలు నాలుగు చేతిలో పెట్టాడు. బాబు వాటిని ఇష్టంగా తాగాడు. తాగుతున్నాడు కదా అని నేను సంబరపడ్డాను. మోషన్స్ మాత్రం పెరుగుతూనే పోయాయి.

సోమవారం సాయంత్రానికి బాబు తోటకూర కాడలా వాలిపోయాడు. ఐదింటికి క్లినిక్‌కు ఫోన్ చేస్తే "మందు వేసి ఒక్కరోజే కదా మేడమ్, పొద్దున తీసుకురండి" అన్నారు. డాక్టర్ గారి నంబరుకు వాట్సాప్‌లో "డల్‌గా ఉన్నాడు సర్, ఏమీ తినడం లేదు" అని పెట్టాను. అరగంటకు జవాబొచ్చింది: అవే మందులు కొనసాగించండి.

రాత్రి ఎనిమిదింటికి బాబు ఏడుస్తుంటే అత్తయ్య ఒళ్ళో పడుకోబెట్టుకుని వాడి మొహంలోకి చూస్తూ, "అమ్మాయ్, వీడు ఇంతసేపు ఏడుస్తున్నాడు, కంట్లో నీటి చుక్క రావట్లేదు చూశావా" అంది. నేను చూడలేదు. ఏడుపు విన్నాను కానీ కళ్ళు చూడలేదు. "ఒంటికి ఎప్పుడు పోశాడు?" అంది. నా దగ్గర జవాబు లేదు. డైపర్ మార్చినప్పుడల్లా తడిగానే ఉంది, కానీ అది నీళ్ళ మోషనా, మూత్రమా అనేది డైపర్‌లో తెలియదు. అత్తయ్య డైపర్ తీసేసి పాత నూలు చీర ముక్క పరిచి పడుకోబెట్టింది. పది దాటినా ఆ గుడ్డ మీద మూత్రం తడి లేదు. పొద్దున్నుంచీ పోయలేదేమో అని అప్పుడు భయమేసింది. ఊళ్ళో పిల్లల్ని పెంచినావిడ కాబట్టి ఆవిడకు తట్టింది. రెండుసార్లు మాట్లాడిన క్లినిక్ వాళ్ళెవరూ ఆ ప్రశ్న అడగలేదు, అడగాలని నాకూ చెప్పలేదు.

పదిన్నరకు ఇంకో ఆసుపత్రికి వెళ్ళాం. డ్యూటీలో చిన్న వయసు డాక్టరమ్మ ఉన్నారు. ఆవిడ మొదటి మాట, "పాస్ చివరిసారి ఎప్పుడు పోశాడమ్మా?" నాకు అక్కడే ఏడుపొచ్చేసింది. బట్టలన్నీ విప్పించి తూకం వేశారు. పద్దెనిమిది నెలల టీకాలప్పుడు 11.2 కిలోలున్న పిల్లాడు 10.3 ఉన్నాడు. పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి పైకి లాగి వదిలారు. ఠక్కున సర్దుకోవాల్సిన చర్మం మెల్లగా దిగింది. "మీరూ పట్టి చూడండి, రేపు ఇంట్లో చూసుకోవాల్సింది మీరే" అని నా చేతా పట్టించారు. నోరు తడిగా ఉందో లేదో వేలితో చూశారు.

సెలైన్ పెడతారనుకున్నాను. పెట్టలేదు. వాంతి ఆగడానికి ఒక మోతాదు మందు వేసి, పావుగంట ఆగి, స్టీల్ గ్లాసులో ఓఆర్ఎస్, ఒక చెంచా నా చేతికిచ్చారు. నర్సు పక్కన కూర్చుని నేర్పింది. ఒక చెంచా పట్టాలి, నిమిషం, నిమిషంన్నర ఆగాలి, మళ్ళీ చెంచా. కక్కితే పది నిమిషాలు ఆగి ఇంకా నెమ్మదిగా మొదలుపెట్టాలి. గ్లాసు నోటికి పెట్టకూడదు, దాహం మీద గటగటా తాగి మళ్ళీ కక్కేస్తాడు. కిలోకు 75 మి.లీ. చొప్పున నాలుగు గంటల్లో 770 మి.లీ. పోవాలి. అంటే 150 చెంచాల పైమాటే. నేనూ మా ఆయనా వంతులేసుకున్నాం. నర్సు గంటకోసారి వచ్చి గ్లాసులో ఎంత మిగిలిందో చూసి రాసుకునేది. తెల్లవారి మూడింటికి బాబు మా ఆయన చొక్కా మీద పాస్ పోశాడు. ఆయన చొక్కా మార్చుకోకుండా అలాగే కూర్చున్నారు, తడిసిన చోట చెయ్యి వేసుకుని.

పొద్దున డాక్టరమ్మ మా మందుల సంచి చూశారు. యాంటీబయాటిక్ ఆపేయమన్నారు, వైరస్ వల్ల వచ్చే నీళ్ళ విరేచనాలకు అది పనిచేయదు, మోషన్‌లో రక్తం పడితే అది వేరే సంగతి అన్నారు. జింక్ రాశారు, రోజుకు 20 మి.గ్రా., పద్నాలుగు రోజులు. అది మొదటి చీటీలో లేనే లేదు. జ్యూస్ డబ్బా చేతిలోకి తీసుకుని వెనకవైపు చక్కెర ఎంతుందో నన్నే చదవమన్నారు. అసలైన ఓఆర్ఎస్‌లో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములు, అందులో ఉప్పు, పొటాషియం కొలతలు కూడా లెక్క ప్రకారం ఉంటాయి. ఈ డబ్బాల్లో చక్కెర దానికి ఎన్నో రెట్లు. అంత తీపి పేగుల్లోకి వెళ్తే ఒంట్లో ఉన్న నీళ్ళనే ఇంకా లాగి మోషన్స్ పెంచుతుందట. ఆ డబ్బాలు నేనే స్వయంగా పట్టాను, రోజుకు రెండు. ఆ సంగతి ఇప్పటికీ మనసులోంచి పోదు.

ఇదే విషయం మీద మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు దాదాపు ఎనిమిదేళ్ళు ఒంటరిగా పోరాడారు. 2025 అక్టోబరులో, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా లేని పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆదేశించింది. ఆ వార్త మా అత్తయ్యకు చదివి వినిపించాను. అయినా షాపులో అడిగేటప్పుడు "ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్, లీటరులో కలిపేది" అనే అడగండి. మొత్తం ప్యాకెట్‌ను లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఒకేసారి కలపాలి, కొంచెం కొంచెం గ్లాసులో వేసుకోకూడదు. ఇరవై నాలుగు గంటలు దాటితే పారబోయాలి.

తర్వాత ఒకచోట చదివాను. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థుల్లో కలరా వచ్చినప్పుడు, పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో సెలైన్ సరిపోక, డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ముల్లో ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్ళు పెట్టించి, పక్కనున్న కుటుంబ సభ్యుల చేతే రోగులకు తాగించారట. చావులు బాగా తగ్గాయి. ఆయనకు 2023లో, చనిపోయాక, పద్మవిభూషణ్ ఇచ్చారు. శరణార్థి శిబిరంలో, నేల మీద పడుకున్నవాళ్ళ పక్కన కూర్చున్న వాళ్ళకు చెప్పి చేయించగలిగారు. టోకెన్ సిస్టమ్, ఏసీ ఉన్న గదిలో నాకు చెప్పడానికి రెండు నిమిషాలు దొరకలేదు.

రద్దీ ఎక్కువ అనే వాదన ఒప్పుకుంటాను. ఆదివారం అరవై టోకెన్లు ఉంటాయి. కానీ ఆ సిస్టర్‌కూ రద్దీ ఉంది, ఆవిడ చెప్పింది. డాక్టర్‌కు టైమ్ లేకపోతే చెప్పే పని ఆవిడకు అప్పగించొచ్చు, ఒక కాగితం మీద తెలుగులో నాలుగు లైన్లు అచ్చు వేయించి ఇవ్వొచ్చు. ఆరు గంటలుగా మూత్రం లేకపోయినా, కళ్ళు లోతుకు పోయినా, కన్నీళ్ళు రాకపోయినా, లేపితే సరిగా లేవకపోయినా వెంటనే రండి అని. ఆ కాగితం ఆదివారమే నా చేతిలో ఉంటే సోమవారం మధ్యాహ్నానికే కదిలేవాళ్ళం.

ఇప్పుడు రెండో ఆసుపత్రికే వెళ్తున్నాం. ఇంటికి నలభై నిమిషాలు, ఫీజు కూడా ఎక్కువే, ఒక్కోసారి గంటన్నర కూర్చోవాలి. ప్రతిసారీ బరువు చూస్తారు.

2025 ఫిబ్రవరిలో పాత క్లినిక్‌కు వెళ్ళి బాబు ఫైలు ఇమ్మన్నాను. మొదట "అలా ఇవ్వం మేడమ్" అన్నారు. 2002 నాటి వైద్య మండలి నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని కాగితం మీద రాసిచ్చాక, మూడో రోజు ఇచ్చారు. టీకాల గది దాటుతుంటే ఆ సిస్టర్ బయటికొచ్చి "బాబు ఎలా ఉన్నాడమ్మా, బరువు పెరిగాడా" అని అడిగింది. పెరిగాడని చెప్పాను. ఇంటికొచ్చి ఫైలు తెరిచి జనవరి చీటీ చూశాను. బరువు అన్న గడిలో 11 కిలోలు అని టైపు చేసి ఉంది. అది నేను ఉండొచ్చని చెప్పిన అంకె.