డెవలప్‌మెంట్ స్టడీస్ పీజీ: ఇన్నేళ్లు ఈ పనిలో ఉన్నాక నా మాట

అంతర్జాతీయ అభివృద్ధిలో, అంటే పేద దేశాలు ఎలా ఎదుగుతాయి, వాటికిచ్చే సాయం ఎలా పనిచేస్తుంది అన్న చదువులో పీజీ చేసి, అప్పట్నుంచీ ప్రాజెక్టుల మానిటరింగ్ పనిలోనే ఉన్నాను. చేరదామనుకునేవాళ్లు అడిగేది ఒకటే: ఆ చదువు ఉద్యోగంలో అక్కరకొస్తుందా? సగం వస్తుంది. మిగతా సగం బయట నేర్చుకోవాల్సిందే.

మొదటి సెమిస్టరంతా సిద్ధాంతాలు. పేద దేశాలకు సాయం చేస్తామంటూ అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ 1949లో చేసిన ప్రసంగం, ప్రతి దేశమూ అయిదు దశల్లో ఎదుగుతుందన్న ఆర్థికవేత్త రోస్టో సిద్ధాంతం, ధనిక దేశాల మీద ఆధారపడేలా చేయడమే పేద దేశాల వెనకబాటుకు కారణమంటూ వాటిని తిప్పికొట్టిన డిపెండెన్సీ వాదం, 1980లలో అప్పులతో పాటు వచ్చిన స్ట్రక్చరల్ అడ్జస్ట్‌మెంట్ షరతులు (ప్రభుత్వ ఖర్చు తగ్గించండి, మార్కెట్లు తెరవండి అన్నవి). క్లాసులో కునుకు తీసినవాళ్లున్నారు. నాకు మాత్రం ఇప్పటికీ బాగా పనికొస్తున్నది ఈ చరిత్రే. పాత ఆలోచన కొత్త పేరు తగిలించుకుని, నిధుల కోసం రాసే ప్రపోజల్లోకి వస్తే ఇట్టే తెలిసిపోతుంది.

అంకెల్ని అనుమానించడం కూడా అక్కడే అలవాటైంది. 2003లో కెన్యా ప్రాథమిక బడుల్లో ఫీజులు ఎత్తేస్తే పది లక్షలకు పైగా పిల్లలు అదనంగా చేరారు. గదులూ టీచర్లూ ఆ లెక్కన పెరగలేదు. చేరికల అంకె ఒక్కటే చూస్తే గొప్ప విజయం. తరగతిలోకి తొంగిచూస్తే వేరే కథ. 2025లో ప్రపంచ బ్యాంకు కడు పేదరికపు గీతను రోజుకు 2.15 డాలర్ల నుంచి 3 డాలర్లకు మార్చినప్పుడు పేదల లెక్క కోట్లలో పెరిగింది. రాత్రికి రాత్రి ఎవరి ఇంట్లోనూ ఏమీ మారలేదు. ఇలాంటి వార్త చూడగానే కంగారుపడకుండా, గీత ఎవరు గీశారు, ఏ ధరల మీద గీశారు అని అడగడం ఈ కోర్సు పుణ్యమే.

ఇక రోజూ చేతిలో ఉండే పని చెబుతాను: లాగ్‌ఫ్రేమ్, అంటే ప్రాజెక్టు ప్లాన్‌ని కుదించి పెట్టే పట్టిక. నాలుగు అడ్డవరసలు, నాలుగు నిలువు గళ్లు. ఏం సాధించాలి, ఏ కొలతతో తెలుస్తుంది, రుజువు ఎక్కడ దొరుకుతుంది, చివరి గడిలో 'అనుకున్న షరతులు'. అందరూ మొదటి మూడూ ఒళ్లు దగ్గర పెట్టుకుని నింపుతారు, నాలుగోది పాత ప్రపోజల్ నుంచి తెచ్చి అతికిస్తారు. రైతులకు శిక్షణ ప్రాజెక్టు అనుకోండి. ఆ గడిలో 'శిక్షణ పొందినవారు నేర్చుకున్నది పొలంలో పాటిస్తారు' అని ఒక్క ముక్క ఉంటుంది. ప్రాజెక్టు మొత్తం దాని మీదే నిలబడి ఉంటుంది! శిక్షణకు వచ్చేది ఆడవాళ్లు, ఏ పంట వేయాలో తేల్చేది మగవాళ్లు, భూమి పత్రం ఇంకెవరి పేరునో. అలాంటప్పుడు పాటించేదెవరు? ఈ ప్రశ్న నాకు జెండర్ పేపర్‌లోంచి వచ్చింది, ఆఫీసులో ఎవరూ నేర్పలేదు.

ఇక ఆ చదువుతో రాని సగం సంగతి. మా కోర్సులో స్టాటిస్టిక్స్ ఐచ్ఛికం, తప్పించుకోగలిగినవాళ్లంతా తప్పించుకున్నారు. 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ తెచ్చిన ర్యాండమైజ్డ్ ప్రయోగాల మీద (చీటీ తీసినట్టు ఎంచి కొందరికి పథకం ఇచ్చి, మిగతావాళ్లతో పోల్చి చూసేవి) సెమినార్లలో గంటల కొద్దీ వాదించుకున్నాం, శాంపిల్ ఎంతమంది కావాలో లెక్కగట్టడం మాత్రం ఒక్కసారీ చేయలేదు. బడ్జెట్ షీటు ముఖం చూడలేదు. విమర్శ దంచి పొడవాటి వ్యాసాలు రాయడం వచ్చింది. మంత్రిత్వశాఖ అధికారికి రెండు పేజీల్లో విషయం చెప్పడం రాలేదు. తప్పులు పట్టడమే చదువైపోతే, 'సరే, అయితే ఏం చేద్దాం' అనేసరికి గొంతు పెగలదు.

ఉద్యోగాల మాట దాచను. ధనిక దేశాలు జాతీయాదాయంలో 0.7 శాతం సాయానికివ్వాలన్న లక్ష్యం 1970 నుంచీ ఉంది, అందుకున్న దేశాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. 2025లో అమెరికా ప్రభుత్వ సాయ సంస్థ యూఎస్ఎయిడ్ మూతపడ్డాక ఈ రంగంలో అనుభవం ఉన్నవాళ్లే పని వెతుక్కుంటున్నారు.

అందుకే డిగ్రీలో వ్యవసాయమో, ప్రజారోగ్యమో, ఆర్థికశాస్త్రమో చదివి, దాని మీద ఇది పీజీగా చేయమంటాను. పక్కన ఇంకో నైపుణ్యం లేకుండా డిగ్రీలోనే ఇది తీసుకోవడాన్ని నేను సమర్థించను, కాదనేవాళ్లు ఉంటారని తెలిసీ. అయిదుకి మూడున్నర ఇస్తాను. చేరేముందు సిలబస్ తెప్పించుకుని, గణాంకాల పేపర్ తప్పనిసరో కాదో చూడండి. ఫీల్డ్‌వర్క్ ఖర్చు ఎవరు భరిస్తారో కూడా అడగండి. మా బ్యాచ్‌కి అది ఫీజు కట్టాకే తెలిసింది.