కాటన్ దొర ఇంటిపేరు: పత్తి నుంచా, ఊరి నుంచా?

1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పుణ్యమా అని గోదావరి జిల్లాల్లో సర్ ఆర్థర్ కాటన్ పేరు తెలియని ఇల్లుండదు. మరి ఆ ఇంటిపేరుకు అర్థం? రెండు వివరణలున్నాయి.

మొదటిది వినగానే అందరికీ తట్టేదే: పూర్వీకులు పత్తి వ్యాపారులై ఉంటారని. కొట్టిపారేసే మాట కాదు. కమ్మరిని స్మిత్ అన్నారు, రొట్టెలు కాల్చేవాణ్ణి బేకర్ అన్నారు. మిరియాలు అమ్మేవాడికి పెప్పర్ అని సరుకు పేరే అంటుకుంది కూడా. కానీ కాలం కుదరదు. ఇంగ్లండులో ఇంటిపేర్లు 1066 నార్మన్ దండయాత్ర తర్వాత మొదలై, 1400 నాటికి చాలావరకు స్థిరపడ్డాయి. అప్పుడు అక్కడివాళ్లు కట్టింది ఉన్ని, నార బట్టలు. లాంకషైర్ పత్తి మిల్లులు 18వ శతాబ్దం సంగతి. ఆర్థర్ తాతల వంశానికి చెషైర్‌లోని కాంబర్‌మేర్ ఎస్టేటు 1539లోనే దక్కింది, అప్పటికే వాళ్లు కాటన్లు!

రెండోది ఊరి పేరు. పాత ఇంగ్లీషులో 'కాట్' అంటే గుడిసె, 'కాటమ్' అంటే గుడిసెల దగ్గర. స్టాఫర్డ్‌షైర్‌లో కాటన్, కేంబ్రిడ్జ్ పక్కన కోటన్ అలా పుట్టిన ఊళ్లే. ఊరి పేరే ఇంటిపేరైన కుటుంబాలు మనలోనూ బోలెడు కాబట్టి ఇది మనకు వింతగా అనిపించదు.

నన్ను పూర్తిగా ఒప్పించింది మాత్రం పాత రికార్డుల్లోని ఒక చిన్న ముక్క. ఆనాటి గుమస్తాలు వృత్తికో, మనిషి రూపానికో వచ్చిన పేరు ముందు 'లె' అని, ఊరి నుంచి వచ్చిన పేరు ముందు 'డి' అని రాసేవారు. స్మిత్‌కు 'లె' కనిపిస్తుంది. కాటన్‌కు కనిపించేది 'డి'. అంటే ఫలానా ఊరివాడని. పత్తి వివరణ ఇక్కడ నిలబడదు, ఊరిదే సరైనది.

ప్రతి పేరూ ఇంత తేలిగ్గా తేలదు. మన సి.పి. బ్రౌన్ ఇంటిపేరే చూడండి. జుట్టు రంగునో ఒంటి రంగునో బట్టి వచ్చిందని ఒక మాట, 'బ్రూన్' అనే పాత మనిషి పేరు నుంచి వచ్చిందని ఇంకో మాట. 'లె బ్రూన్' అన్న నమోదులు రంగు వైపే మొగ్గుతాయి, నేనూ అటే. అయినా బ్రూన్ అనే పేరున్న మనుషులు నిజంగా ఉన్నారు. వేర్వేరు బ్రౌన్ కుటుంబాలకు వేర్వేరు మూలాలు ఉండే వీలుంది కాబట్టి రెండో దాన్ని కొట్టేయను.